గాలి మింగే ఎర్ర గుర్రం

మొన్న దగ్గరి బంధువుల పెళ్ళికని మా నారాయణఖేడ్‌లోనే ఒక ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. పెళ్ళికొడుకు ఇంకా ముస్తాబు కాలేదట, బరాత్ కోసం తెప్పించిన తెల్ల గుర్రాన్ని గేటుకు కట్టేసి దాని యజమాని పక్కన నిలబడి చాయ్ తాగుతున్నాడు. ఆ గుర్రం పై పళ్ళను గేటు కడ్డీకి ఆనించి, మెడను బిగించి వంచి, గొంతులోంచి ‘గుళుక్’మని ఒక చప్పుడు చేసింది. కాసేపాగి మళ్ళీ చేసింది. చుట్టూ చేరినవాళ్ళు గుర్రం గేటు తింటోందని నవ్వుతూ ఫోన్లు ఎత్తిపట్టారు. యజమానికి నామోషీ అయిందేమో, బెత్తంతో దాని మూతి మీద ఒకటిచ్చాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పట్టుచీర కట్టుకున్న ముసలమ్మ నలుగురిలో అరవకూడదన్న సంగతి కూడా మరిచిపోయి, “కొట్టకు బిడ్డా, అది కొడితే పోయే అలవాటు గాదు” అని అరిచేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి, అవతలికి తిరిగి చాయ్ తాగాడు. నాకు మాత్రం ఆ పూట భోజనం సహించలేదు, ఎందుకంటే ఆ గుళుక్ చప్పుడు నేను కాపురానికి వచ్చిన కొత్తలో పొద్దస్తమానం విన్నదే.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆటోలు రాకముందు బస్సు దిగినవాళ్ళకు టాంగాలే దిక్కు. బియ్యం బస్తాలు, బాలింతలు, బడికి కొత్తగా వచ్చిన పంతుళ్ళ ట్రంకుపెట్టెలు, అన్నీ టాంగాలోనే పోవాలి. మా మామది అలాంటి టాంగా ఒకటి. దాని మీదనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. మా ఆయన మేస్త్రీ వెంట పనులకు పోయి నెలకొకసారి ఇల్లు చేరేవాడు కనుక, ఇంట్లో మిగిలేది మామ, అత్త, కొత్తకోడలినైన నేను. నేను కాపురానికి రాకముందు వానాకాలంలోనే వాళ్ళ ముసలి గుర్రం చచ్చిపోయింది. టాంగా కాడి నేలకానించి వాకిట్లో పడి ఉండేది, దాని మీద మా అత్త మిరపకాయలు ఎండబోసేది. చివరికి మామ కర్ణాటక దిక్కు జాతరకు పోయి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఒక ఎర్ర గుర్రాన్ని పట్టుకొచ్చాడు. నేను వచ్చిన నెలకే అదీ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఇద్దరినీ ఒకేసారి చూసిపోయేవాళ్ళు, దాని పళ్ళు చూసేవాళ్ళు, నా పుస్తెలు చూసేవాళ్ళు.

గుర్రం అందంగానే ఉంది. నిగనిగలాడే ఒళ్ళు, నుదుట తెల్లచుక్క, మెడ పైభాగాన గొంతును చుట్టి, గవ్వలూ నీలం పూసలూ కుట్టిన వెడల్పాటి తోలు పట్టీ. ఆ పట్టీ అమ్మవారి దగ్గర కట్టించిన దిష్టి పట్టీ అనీ, దాన్ని తీస్తే మాత్రం తన జిమ్మేదారి లేదనీ అమ్మినవాడు మరీ మరీ చెప్పాడట. గుర్రంలో ఏదైనా ఐబు బయటపడితే, వచ్చే అమావాస్య దాటాక మీ ఊరి సంతకే వస్తాను, వాపసు తీసుకుంటాను అని కూడా మాటిచ్చాడట. ఐబు అనే మాట ఇప్పటివాళ్ళకు తెలుసో లేదో, పైకి కనిపించని లోపాన్ని మేం అలా అనేవాళ్ళం. అంత నమ్మకంగా మాట్లాడినవాడిని మా మామ ఇంకేం అడుగుతాడు.

మా అత్తవాళ్ళది తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం. ఆదివారం ప్రార్థన తప్పితే ఆమెకు ఒంట్లో బాగుండేది కాదు. తాయెత్తు, దిష్టిబొమ్మ, నిమ్మకాయ, ఇవేవీ ఆమె గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు. అలాంటిది, దిష్టి పట్టీ కట్టిన గుర్రం వాకిట్లో నిలబడి ఉంటే చర్చికి ఏ ముఖంతో పోవాలని ఆమె బాధ. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చీ రాగానే చీరకొంగు నడుముకు దోపి, గడ్డి కోసే కొడవలి తెచ్చి ఆ పట్టీని తెంపేసింది. మామ అప్పుడు నాడాలు కొట్టేవాడి దగ్గరకు పోయి ఉన్నాడు. పట్టీ ఊడిన చోట వెంట్రుక లేదు. తోలు ఒరుసుకుపోయి, రెండు చోట్ల పుండ్లు పడి ఉన్నాయి. అత్త ఆ పుండ్లను చూసి, నా చేత పసుపూ నూనే తెప్పించి, రాస్తూ రాస్తూ ఆ అమ్మినవాడిని తిట్టిన తిట్లు ఆదివారం పూట తిట్టదగ్గవి కావు.

గుర్రం మెడ విదిలించుకుంది. సుఖంగా ఉందనుకుని మేం మురిసిపోయాం. చాయ్ గిన్నె పొంగేంతసేపు కూడా కాలేదు, అది కొట్టంలోకి పోయి, దాణా పెట్టే గాడి పలకను పళ్ళతో పట్టి, మెడ బిగించి గుళుక్‌మంది. మళ్ళీ గుళుక్. ఇగ ఆగలేదు. గాడి, గుంజ, టాంగా కాడి, తలుపు, పంటికి ఏది అందితే అది పట్టి గాలి మింగడమే దాని పని. మామ వచ్చి చూసి, దాని పెదవి పైకెత్తి, తలపట్టుకుని కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుర్రాల మధ్య బతికిన మనిషి, వయసు కోసం పళ్ళు లెక్కపెట్టాడే కానీ, పై పళ్ళ అంచు ఏటవాలుగా అరిగిపోయి ఉండటం చూడలేదు. పట్టీ బిగిస్తే గొంతు ఉబ్బడానికి వీలుకాక అది ఊరుకుంటుంది. గవ్వలు కుట్టినది ఎందుకో అప్పుడు అర్థమైంది.

ప్రహరీ అవతల పెద్దమ్మ ఒకామె ఉండేది. ఏటేటా బోరంచ నల్లపోచమ్మకు బోనం తీసుకుపోయే భక్తురాలు. మా అత్తకూ ఆమెకూ దేవుడి విషయంలో పడేది కాదు, మిగతా అన్ని విషయాల్లోనూ ఒకరు లేక ఒకరికి తెల్లవారేది కాదు. ఆమె గోడ మీదుగా తల పెట్టి, “అమ్మవారి పట్టీ తెంపితివి, ఇగ సూడు చెల్లె, గుర్రం గోడలు గూడ తింటది” అంది. ఆ మాట సాయంత్రానికి వాడంతా పాకింది. టాంగా ఎక్కేవాళ్ళు కూడా భయపడ్డారు. ఆ గుర్రాన్ని చూస్తే మిగతా గుర్రాలకూ అలవాటవుతుందని, అడ్డాలో మా మామ దగ్గరికి వేరే టాంగా ఏదీ రానిచ్చేవాళ్ళు కాదు.

మామకు తోచిన దారి ఒక్కటే. తెగిన పట్టీని చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించి, మళ్ళీ బిగించి, సంతలో ఆ అమ్మినవాడికే అంటగట్టాలి, లేకపోతే ఇంకెవరికైనా అమ్మేయాలి. మా అత్త అప్పుడు గాడి ముందు నిలబడి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. “వాడు మనకు మోసం జేసిండని మనం ఇంకొకనికి జేస్తమా? తెంపింది నేను. నేనే సూసుకుంట. సంత దాంక నాకియ్యి.” మామ సరేనన్నాడు. అయితే సంతనాటికి గుర్రం టాంగా లాగే స్థితిలో లేకపోతే తన మాటే సాగాలన్నాడు. అప్పటికే దాని డొక్కలు తేలడం మొదలైంది. మూడు వారాల గడువు.

మా అత్త పట్టుదల గురించి ఏం చెప్పను, ఆమె కూర పాడైనా పారేసేది కాదు, ఏదో ఒకటి చేసి దారికి తెచ్చేది. మొదట గాడి పలకకు కారం ముద్ద పూసింది. గుర్రం రెండు రోజులు కళ్ళనీళ్ళు పెట్టుకుని, మూడో రోజు కారం పుయ్యని గుంజ వెతుక్కుంది. గుంజకు వేపాకు నూరి పూస్తే తలుపు దగ్గరికి పోయింది. తలుపుకు పేడ అలికితే ఆ పేడ మీదే పళ్ళు ఆనించింది, దానికేం పట్టింపు లేదు. పొద్దున ఇంటి ప్రార్థనలో మా ఆయన పేరు తరువాత గుర్రం గురించి కూడా ప్రార్థన చేసేది. గోడ అవతల పెద్దమ్మ కిసుక్కున నవ్వడం మాకు వినిపించేది.

అప్పుడు నా సంగతి కూడా చెప్పుకోవాలి. మాది నాగల్‌గిద్ద పక్కన పల్లె, మా ఇళ్ళల్లో సగం కన్నడమే. నేను ఏదైనా మాట్లాడితే ఇక్కడ నవ్వేవాళ్ళు. అందుకని నోరు మూసుకుని, వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, అమ్మ గుర్తొస్తే కొంగు చివర కొరుకుతూ ఉండేదాన్ని. మా అత్త చూసి, ఇంట్లో కొరికేవాళ్ళు ఇద్దరయ్యారని విసుక్కుంది. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది కానీ, ఆ రోజు నుంచి గుర్రాన్ని కాస్త వేరేగా చూడటం మొదలుపెట్టాను. నాకు మరో పని కూడా లేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరు కదా అని, “బా, ఇల్లి బా” అని మా ఇంట్లో దూడను పిలిచినట్టు పిలిచాను. చెవులు రెండూ నా వైపు తిప్పి, పలక వదిలేసి వచ్చి నా భుజం వాసన చూసింది. పాపం, దానికీ తెలుగు రాదు. వచ్చినప్పటి నుంచీ అందరూ దానికి అర్థం కాని భాషలో కేకలేస్తున్నారు.

అలా చూస్తూ చూస్తూ నేను ఒకటి పసిగట్టాను. ఆకలిగా ఉన్నప్పుడు కాదు, ఉడికించిన ఉలవలు పెట్టగానే అది ఎక్కువగా గాలి మింగుతుంది. చొప్ప నములుతున్నంతసేపు దాని ధ్యాస చొప్ప మీదే. గాడి ఖాళీ అయి, చీకటి కొట్టంలో ఒంటరిగా గోడను చూస్తూ నిలబడ్డప్పుడు మళ్ళీ మొదలు. ఈ మాట అత్తకు చెప్పాలంటే భయం. పుట్టింట్లో గుర్రం తోక కూడా ముట్టనిదాన్ని, నెలన్నర కోడలిని, నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తప్పని తర్వాత తెలిసింది.

ఎందుకంటే అదే వారం మా అత్త, గుర్రం బక్కచిక్కిపోతోందని, ఉలవలు రెట్టింపు చేసింది. రెండో రోజు మిట్టమధ్యాహ్నం గుర్రం కింద పడి, తల తిప్పి తన డొక్క వంక చూసుకుంటూ పొర్లాడింది. ఒళ్ళంతా చెమట. పొట్ట రాయిలా బిగిసిపోయింది. మామ పొరుగూరు పోయాడు, పశువుల డాక్టరు ఎక్కడో పల్లెకు పోయాడన్నారు. అత్త వాము కషాయం కాచి వెదురు గొట్టంతో గొంతులో పోసింది. పడుకోనిస్తే పేగు మెలిపడుతుందని ఆమెకు తెలుసు. మెడలో తాడు వేసి ఆమె ముందు లాగితే, నేను వెనక అదిలిస్తూ, కంగ్టి పోయే రోడ్డు పక్క బీట్లో తిప్పడం మొదలుపెట్టాం. ఒకరు అలిసిపోతే ఒకరు తాడు పట్టేవాళ్ళం. ఎండకు చెప్పుల్లేని కాళ్ళు బొబ్బలెక్కాయి. నేను తాడు పట్టినప్పుడల్లా సిగ్గు విడిచి కన్నడంలోనే బతిమాలాను, అది నా గొంతు వింటూ ఒక్కో అడుగు వేసింది.

నాలుగో చుట్టో అయిదో చుట్టో, మా అత్త ఏడుస్తోందని గమనించాను. శబ్దం లేకుండా, నడక ఆపకుండా ఏడుస్తోంది. “నేనే సంపుతున్ననేమో బిడ్డా” అంది. ఆ ఇంటికి వచ్చాక నన్ను బిడ్డా అనడం అదే మొదలు. ఇక ఆగలేక, “ఉలవలు తిన్నంకనే ఎక్కువ మింగుతుందత్తమ్మా, సొప్ప ఉంటే మింగదు, నేను రోజు సూస్తున్న” అని చెప్పేశాను. ఆమె ఆగి నా వైపు చూసింది. చెంప పగులుతుందనుకున్నాను. “రోజు సూస్తూ నోరెందుకు మూసుకున్నవే మరి?” అని, తాడు నా చేతికిచ్చి, తాను వెనక్కి వచ్చింది. పొద్దు వాలేవేళకు గుర్రం నిలబడి, పెద్ద చప్పుడుతో కడుపు ఖాళీ చేసింది. మేమిద్దరం ఆ బీట్లోనే చతికిలబడి, పిచ్చివాళ్ళలా నవ్వాం. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు, ఇప్పుడు చెప్పుకుంటే తప్పేముంది.

మర్నాటి నుంచి ఇంట్లో నా మాట చెల్లింది. ఉలవలు తగ్గించి, అవి కూడా రోజుకు నాలుగుసార్లు గుప్పెడు గుప్పెడుగా పెట్టాం. జొన్న చొప్ప సన్నగా నరికి, పాత గోనెసంచికి వేలు దూరేంత చిల్లులు చేసి అందులో నింపి వేలాడదీస్తే, ఒక్కో పోచ లాక్కుంటూ పొద్దంతా దానికి పని. చీకటి కొట్టంలోంచి తెచ్చి, వచ్చే పోయే టాంగాలు కనిపించేలా వాకిట్లో కట్టాం. గుంజలు పాడుచేయకుండా, పళ్ళు అరగకుండా, మామ ఒక మొద్దుకు పాత టైరు రబ్బరు చుట్టి పాతాడు. కొరకాలనిపిస్తే దాన్నే కొరుక్కోమని. రాలిన చొప్ప కోసం పెద్దమ్మ మేకపోతు గోడ దూకి వచ్చేది. తరిమితే మళ్ళీ వచ్చేది. అది పక్కనుంటే గుర్రం మొద్దు వైపు పోవడం సగానికి సగం తగ్గింది. తీరా అడిగితే ఆ మేకపోతు నల్లపోచమ్మకు మొక్కినదట. మా అత్త పెద్దమ్మ వంక చూసింది, నోరు తెరిచి అడగలేదు. పెద్దమ్మే రెండు రోజులు ఆలోచించి, “అమ్మకు జెప్పుకున్న లే. ఈయేడు కోడితోని సరిపెట్టుకో, గీ గుర్రం పరేషాన్‌ల ఉన్నదని” అంది. ఆ మేకపోతు అలా ఏడాదికేడాది వాయిదా పడి, మా వాకిట్లోనే ముసలిదైంది.

గుర్రం మానలేదు. ఆ మాట నిజంగానే చెప్పాలి. రోజుకు కొన్నిసార్లయినా మొద్దు దగ్గరికి పోయి గుళుక్ గుళుక్‌మని వచ్చేది. కానీ డొక్కలు నిండాయి, మెడ పుండు మానింది, కాడి కడితే చెవులు నిక్కించి నడిచేది. సంతనాడు మామ టాంగా కట్టాడు. అత్త ముందు కూర్చుంది, నన్నూ ఎక్కించుకుంది, దారిలో ముగ్గురు సవారీలు కూడా ఎక్కారు. అమ్మినవాడు సంత అంచున రెండు మూడు గుర్రాలతో నిలబడి ఉన్నాడు. మెడ బోసిగా ఉన్న మా గుర్రాన్ని చూడగానే, పట్టీ తెంపారు కాబట్టి తనకేం సంబంధం లేదని అరవడం మొదలుపెట్టాడు. మా అత్త తాపీగా దిగి, “వాపస్ ఇయ్యనీకె రాలేదు తీ. గా పట్టీ కింద ఏమున్నదో నీ సేతితోని ముట్టి సూడు రా” అని, నలుగురూ చూస్తుండగా వాడి చెయ్యి పట్టి ఆ మచ్చ మీద పెట్టించింది. వాడి వెనక నిలబడ్డ నల్ల గుర్రం మెడకు కూడా అలాంటి గవ్వల పట్టీయే ఉంది. దాన్ని బేరమాడుతున్న ఒక రైతు వైపు అత్త తిరిగి, “అన్నా, గా పట్టీ ఇప్పి జూసి కొను” అంది. ఆ రైతు పట్టీ మీద చెయ్యి వెయ్యబోయేసరికి అమ్మేవాడు గుర్రాలను జల్దీ జల్దీగా తోలుకుపోయాడు. మళ్ళీ మా సంతలో వాడిని ఎవరూ చూడలేదు.

ఆ ఎర్ర గుర్రం మా పొయ్యి చాలా ఏళ్ళు వెలిగించింది. నా ఇద్దరు పిల్లల కాన్పులకూ నన్ను దవాఖానకు తీసుకుపోయిందీ అదే. తర్వాత ఆటోలు వచ్చాయి. ఒక్కో టాంగా అడ్డాలోంచి మాయమైంది, మామ మోకాళ్ళూ పడిపోయాయి. గుర్రాన్ని అమ్ముదామనుకున్నారు. పెళ్ళిళ్ళకు తిప్పేవాడొకడు వచ్చి, చూసి, ముచ్చటపడి, బేరం కూడా కుదిరింది. మామ దాని అలవాటు గురించి నోరెత్తలేదు. అత్త చాయ్ తెచ్చి వాడి చేతిలో పెట్టి, “గాలి మింగుతది నాయినా. ఉలవలు ఎక్కువ పెడితే కడుపు పట్టుకుంటది. కొడితే ఇంకింత జేస్తది” అని, ఏదో వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. వాడు చాయ్ తాగి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. మూడోవాడు పోయాక మామ, “అమ్మనీకె నిలవడ్డవా, ఉంచుకోనీకె నిలవడ్డవానే?” అని అడిగి నవ్వాడు. ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. పనీ పాటా లేకుండా ఇంకా కొన్నేళ్ళు మా వాకిట్లోనే చొప్ప తిని, మొద్దు కొరికి, మా చేతుల మీదే పోయింది. దాని తర్వాత రెండేళ్ళకు మా అత్త పోయింది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, అక్కడ మా మనవడి మోటారుసైకిల్ నిలబడుతుంది. మొన్నటి వానల్లో కిందపడి ముందు భాగం పగిలితే, పగులు కనిపించకుండా రంగురంగుల స్టిక్కర్లు అంటించి అమ్మకానికి పెట్టాడు. మంచి పిల్లవాడే, అందరూ అలాగే అమ్ముతారట. కొనేవాళ్ళు వచ్చిన రోజు, నేను నోరు జారి చెప్పేస్తానేమోనని, “నానమ్మా, జర లోపల కూసో” అని నవ్వుతూ నన్ను లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలోంచి చూశాను, వచ్చినవాడు లేత వయసు పిల్లవాడు, కూలి డబ్బులు కూడబెట్టి వచ్చినట్టున్నాడు, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి ఆ స్టిక్కర్లను ముచ్చటగా చేత్తో నిమిరాడు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మా అత్త అయితే కూర్చునేది కాదు.